జాకీ ఎత్తుతుంది, మొయ్యదు

బండి పని మగవాళ్ళది, వంట పని ఆడవాళ్ళది అని ఎవరు పంచారో గానీ, ఆ పంపకంలో ఒక సంగతి ఎవరి వాటాకీ రాకుండా మిగిలిపోయింది. బండి కింద పడుకున్న మనిషి క్షేమంగా బయటికి రావడం ఎవరి పని? నన్నడిగితే అది ఇంటి పని. ఇంటి పని అన్నాక అందులో మనకీ మాట ఉంటుంది.

మాది కోనసీమ. మా ఆయన పికప్ బండి నడుపుతారు. తోటల్లోంచి కొబ్బరికాయలు అంబాజీపేట మార్కెట్టుకి తోలతారు. కాయలు లేని రోజుల్లో ఎరువుల బస్తాలు, పెళ్ళిళ్ళకి కుర్చీలు, షామియానా సామాను. ఇలాంటి బండి మీద బతికే ఇళ్ళలో ప్రతి చిన్న రిపేరుకీ షెడ్డుకి పరిగెడితే చేతిలో మిగిలేదేమీ ఉండదు. అందుకని టైరు మార్చడం, గ్రీజు పెట్టడం, బ్రేకులు చూసుకోవడం, సైలెన్సరు బిగించడం అన్నీ మా వాకిట్లోనే అవుతాయి. మీలో చాలామంది ఇళ్ళలోనూ అంతే అయ్యుంటుంది. ఇంట్లో రిపేరు చేసుకోవడాన్ని నేను తప్పు పట్టను. పైసా మిగులుతుంది, బండి గురించి తెలుస్తుంది. నేను ఒప్పుకోనిది ఒక్కటే, ఒట్టి జాకీని నమ్ముకుని బండి కింద దూరడం.

మన కుక్కరుకి విజిల్ ఉంది కదా, మళ్ళీ సేఫ్టీ వాల్వు ఎందుకు? ఒకటి మొరాయిస్తే రెండోది కాపాడాలని. బండికి ఆ రెండోది జాకీ స్టాండు. చూడ్డానికి కాళ్ళున్న చిన్న ఇనప పీటలా ఉంటుంది. ఎత్తు సరిచేసుకుంటే లాకు పడుతుంది. జాకీ పని బండిని పైకి లేపడం వరకే. లేచిన బండిని మోస్తూ నిలబడాల్సింది స్టాండు.

హైడ్రాలిక్ జాకీ ఎలా పనిచేస్తుందో పిల్లల సైన్సు పుస్తకంలోనే ఉంటుంది. పాస్కల్ సూత్రం. చిన్న పంపుతో నూనెను ఒత్తితే పెద్ద బరువు లేస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ నూనెను ఆపి ఉంచేది లోపలున్న చిన్న సీలు. మా పికప్ ఖాళీగా ఉన్నా టన్నున్నర పైనే. ఆ సీలు అరిగితే నూనె నెమ్మదిగా కారి బండి దిగుతుంది, పగిలితే ఒక్కసారే దిగుతుంది. ఒకసారి చీకటి పడిందని వెనక చక్రం విప్పకుండా, బండిని జాకీ మీదే వదిలేసి లోపలికొచ్చేశారు. తెల్లారి కళ్ళాపి చల్లుదామని వెళ్తే బండి తనంతట తనే దిగి నేల మీద కూచుని ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆ రాత్రి కింద ఎవరూ లేరు కాబట్టి అది ఇలా చెప్పుకునే మాటయింది.

తిప్పే జాకీకి నూనె బాధ లేదు. కానీ దాని పాదం చిన్నది. గట్టి నట్టు కోసం కాలితో స్పానర్ని తన్నితే బండి ఊగుతుంది, జాకీ పక్కకి ఒరుగుతుంది.

ఈ మాట ఎత్తగానే మగవాళ్ళ దగ్గర నాలుగు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది, "అయిదు నిమిషాల పనే." బండి పడడానికి క్షణం చాలు.

రెండోది, "గేరులో పెట్టాను, హ్యాండ్ బ్రేకు వేశాను." ఇక్కడే అసలు మెలిక. మా పికప్ లాంటి చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. ఆ రెండూ గాల్లోకి లేపాక ముందు చక్రాలను ఆపేదెవరు? వెనక ఒక్క చక్రం లేపినా గేరును నమ్మడానికి లేదు. ఇంజను బలం రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరిగితే నేల మీదున్నది ముందుకి కదలగలదు. అందుకే నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి. గుండ్రటి రాయి పనికిరాదు, దొర్లిపోతుంది.

మూడోది, "ఇటుకలు పేర్చాను కదా." గోడలో ఇటుక వేరు, బండి కింద ఇటుక వేరు. బరువు ఒకే చోట పడితే ఇటుకైనా సిమెంటు బ్రిక్కైనా చెప్పకుండా పగులుతుంది.

నాలుగోది అందరికంటే గట్టిది. "ఇరవయ్యేళ్ళ నుంచి ఇలాగే చేస్తున్నాం, ఏమైంది?" దీనికి నా జవాబు, ఇరవయ్యేళ్ళ అనుభవం మనిషికుంది, జాకీలో రబ్బరుకి లేదు. అది ఏటికేడాదీ ముసలిదవుతోంది.

నేల సంగతి కూడా మనం చూడాలి. ఇంటి ముందు సిమెంటు చేసేటప్పుడు నీళ్ళు వీధిలోకి పోవాలని వాలు పెట్టిస్తాం. ముగ్గుకి, కడగడానికి అది బావుంటుంది గానీ బండి ఎత్తడానికి కాదు. మా వైపు ఒండ్రు నేల, వానకి నానితే జాకీ పాదం దిగబడుతుంది. ఎండాకాలం తారు రోడ్డు కూడా మెత్తబడుతుంది. చదునైన, గట్టి చోటే చూసుకోవాలి. మట్టి తప్పకపోతే కింద మందమైన, వెడల్పాటి చెక్క వెయ్యాలి.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. ముందు బండిలో సరుకు దించేస్తారు. చక్రాలకి అడ్డు పెడతారు. టైరు మార్చాలంటే నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేస్తారు. బండి పుస్తకంలో చూపించిన చోటే జాకీ పెట్టి ఎత్తుతారు. స్టాండ్లు యాక్సిల్ కిందో ఛాసిస్ కిందో సర్ది, బండి బరువు వాటి మీదకి దింపుతారు. పక్కన నిలబడి చేత్తో గట్టిగా తోసి చూస్తారు. కదిలితే మళ్ళీ మొదటికి. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందే పడుకోబెడతారు, అన్నీ తప్పినా అదొకటి అడ్డం ఉంటుందని. పని అయ్యేదాకా క్యాబిన్లో ఎవరూ ఎక్కకూడదు, తలుపు విసిరి వెయ్యకూడదు.

"నీకెందుకే ఈ గోల, లోపలికెళ్ళు" అని మొదట్లో అన్నారు. "మీరు స్టాండు పెట్టండి, నేను లోపలికెళ్తానండీ" అన్నాను. పోట్లాట ఏమీ కాలేదు. ఒక జత స్టాండ్లు కొత్త టైరు కంటే తక్కువకే వచ్చాయి. కొనేటప్పుడు దాని మీద రాసిన టన్నులు ఒక్కోదానికా, జతకా అని అడిగి మరీ తీసుకున్నాం.

అక్కడితో మన పని అయిపోలేదు. మధ్యాహ్నం వేళ వాకిట్లో ఆయన బండి కింద ఉంటే ఇంట్లో ఉండేది మనమే. అందుకే జాకీ ఎక్కించడం, దింపడం మనకీ రావాలి. నేను నేర్చుకున్నాను, పంపు కొట్టడం పిండి రుబ్బడం కన్నా తేలిక. రెండో జాకీ చేతికందేలా ఉంచాలి. జరగరానిది జరిగితే మనిషిని పట్టుకు లాగడం కాదు, ముందు బండి లేవాలి. కేకేసి ఇరుగుపొరుగుని పిలవాలి, 108కి ఫోన్ చెయ్యాలి. పిల్లలు ఆ చుట్టుపక్కలకి రాకుండా చూడాలి.

దసరాకి బండి కడిగి, బంతిపూల దండ వేసి, జాకీకీ స్పానర్లకీ కూడా బొట్టు పెట్టేది మనమే. బండికి నిమ్మకాయ కట్టడానికి ఎవరూ వద్దనరు. నేనూ కడతాను. కానీ దిష్టి తీసినంత శ్రద్ధగా రెండు స్టాండ్లు కూడా కొనిపిద్దాం. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా బండి కింద దూరబోతుంటే ఒక్క నిమిషం ఆపి, "దీన్ని ఏది మోస్తోంది?" అని అడగండి. జాకీ అని జవాబొస్తే మాత్రం కింద దూరనివ్వకండి.