యాభై మార్కుల అకౌంటెన్సీ

కామర్స్ చదువును బాగుచేయాలని ఎవరు మాట్లాడినా స్టార్టప్‌లు, వ్యాపార దృక్పథం, విజేతల ప్రసంగాల దగ్గరే మొదలుపెడతారు. ఇంటర్మీడియట్‌లో అకౌంటెన్సీకి ఎన్ని మార్కులున్నాయని మాత్రం ఒక్కరూ అడగరు. యాభై. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి వస్తున్న సీఈసీ పద్ధతిలో కామర్స్‌కు ఏడాదికి ఒక్కటే పేపరు, వంద మార్కులు. అందులో సగం వాణిజ్య శాస్త్రానిది, సగం అకౌంటెన్సీది. రెండేళ్లు కలిపి వెయ్యి మార్కుల ఇంటర్‌లో లెక్కల పద్దు రాయడానికి దక్కిన వాటా వంద. దీన్ని ముట్టుకోకుండా చేసే సంస్కరణ ఏదైనా పైపూతే.

అదే వెయ్యిలో ఎంపీసీ విద్యార్థికి గణితం ఒక్కటే 300 మార్కులుగా ఉంటూ వచ్చింది. ఇంజినీరింగుకు గణితం పునాది అని అందరం ఒప్పుకున్నాం, పునాదికి తగ్గ చోటిచ్చాం. కామర్స్‌కు అకౌంటెన్సీ అలాంటిదే. సీఈసీలో సివిక్స్‌కు రెండేళ్లకు 200, ఎకనామిక్స్‌కు 200, అకౌంటెన్సీకి 100. సివిక్స్ మీద నాకు చిన్నచూపేమీ లేదు, ఓటు వేయబోయే పిల్లలు రాజ్యాంగం చదవాల్సిందే. కానీ పద్దెనిమిదేళ్లకు చేతికి రావాల్సిన పనికి అందులో సగమే ఇవ్వడం ఏ లెక్కన న్యాయం?

సీబీఎస్‌ఈలో అకౌంటెన్సీ ఒక సబ్జెక్టు, బిజినెస్ స్టడీస్ మరో సబ్జెక్టు. ఒక్కోదానికి వంద మార్కులు. పన్నెండో తరగతి అకౌంటెన్సీలో మూడు గంటల పరీక్షకు 80, ప్రాజెక్టుకు 20. ఆ ఎనభైలో భాగస్వామ్య సంస్థల ఖాతాలకు 36 మార్కులు, కంపెనీల ఖాతాలకు 24, మిగిలిన 20 నిష్పత్తుల విశ్లేషణకు, నగదు ప్రవాహ పట్టికకు. వాళ్లు ఒక్క భాగస్వామ్యానికే 36 ఇచ్చారు. మనం తరుగుదల, కన్సైన్‌మెంటు, భాగస్వామ్యం, భాగస్థుడి ప్రవేశం, విరమణ అన్నీ కలిపి 50లో కుక్కాం.

మార్కులదేముంది, పాఠం చెబితే చాలదా అనేవారు ఒకసారి తరగతిలోకి రావాలి. మొదటి ఏడాది అమ్మాయి అంకణా తయారుచేస్తోంది. డెబిట్ మొత్తం 48,450, క్రెడిట్ మొత్తం 48,540. తేడా 90. తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది కనుక ఎక్కడో రెండంకెలు తారుమారై ఉండొచ్చు. ఆవర్జా పేజీలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ పోతే అద్దె ఖాతాలో 540 ఉండాల్సిన చోట 450 దొరుకుతుంది. ఎర్ర పెన్నుతో దిద్దుకుని రెండు వైపులా మళ్లీ కూడుతుంది. ఒక పీరియడ్ అయిపోతుంది. అకౌంటెన్సీ అంటే అసలు ఈ వెతుకులాటే. పేపరులో సగం మార్కులంటే టైంటేబుల్లోనూ సగం పీరియడ్లే. అప్పుడు లెక్చరర్ ముఖ్యమైన ప్రశ్నలు చెప్పి ముందుకు పోతాడు, పిల్ల ఆ తొంభైని అనామతు ఖాతాలో పడేసి పోతుంది. పుస్తకంలో రెండు వైపులూ సమానమవుతాయి, తప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

పేపరు పెంచితే లెక్చరర్ పోస్టులు కావాలి, పల్లెల నుంచి తెలుగు మాధ్యమంలో వచ్చిన పిల్లలకు భారమవుతుంది అంటారు. పోస్టులు కావాలి, నిజమే. భర్తీ చేయండి. భారం మాటకొస్తే, ఎంపీసీలో 300 మార్కుల గణితం పెట్టినప్పుడు పల్లె పిల్లలకు భారమని ఎవరూ ఆగలేదు.

ఢిల్లీ ప్రభుత్వం 2019లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా వ్యాపార దృక్పథ పాఠాలు పెట్టింది. తర్వాత బిజినెస్ బ్లాస్టర్స్ పేరుతో పెద్ద తరగతుల పిల్లలకు తలా 2,000 రూపాయల పెట్టుబడి ఇచ్చింది. మనమూ అలా చేయాలని కోరేవారున్నారు. పిల్లలకు ధైర్యం వస్తుంది, కాదనను. ఆ రెండు వేలలో సరుకుకెంత పోయింది, చేతిలో ఎంత మిగిలింది, అప్పుగా ఎవరి దగ్గర ఎంత ఉంది అని రాసుకోవడం ఎవరు నేర్పుతారు? తెలంగాణలో పన్ను పడే సరుకు అమ్మే దుకాణం ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటితే జీఎస్‌టీ నమోదు తప్పదు. రోజుకు సుమారు 5,500 రూపాయల గల్లా. మండల కేంద్రంలో ఓ మోస్తరు చెప్పుల దుకాణం కూడా ఆ గీత దాటుతుంది. ఆ యజమానికి కావాల్సింది బిల్లు, పద్దు, రిటర్ను తెలిసిన మనిషి.

సీఈసీ అంటే మార్కులు రానివారి గ్రూపు అన్న మాటను తల్లిదండ్రులు పుట్టించలేదు. ఆ గ్రూపు గుండెకాయకు యాభై మార్కులు విదిల్చి, అది తేలిక చదువని ఊరూవాడా చాటింది విద్యాశాఖే. కొత్త గ్రూపు ప్రకటించినా, పుస్తకాల అట్టలు మార్చినా, ల్యాబుల్లో కంప్యూటర్లు పెట్టినా నేను అడిగేది ఒకే ప్రశ్న: అకౌంటెన్సీకి ఎన్ని మార్కులు? సీఈసీలో రెండేళ్లూ విడిగా వంద మార్కుల పేపరు, దానికి సరిపడా పీరియడ్లు ఇస్తామని రాతపూర్వకంగా చెప్పనంతవరకు అధికారుల మాటను నమ్మాల్సిన పనిలేదు.

ఇంటర్ కాగానే సీఏ ఫౌండేషన్‌కు వెళ్లే విద్యార్థి ముందు పెట్టే మొదటి పేపరు అకౌంటింగ్. మూడు గంటలు, వంద మార్కులు, నలభై రాకపోతే తప్పినట్టే. మన సీఈసీ పిల్లలు అప్పటివరకు రాసిన అతిపెద్ద అకౌంట్స్ పరీక్ష యాభై మార్కులది.