కాంటాక్టు లెన్సులూ, క్యాబు నిద్రలూ

నేనుండేది సాతంరాయిలో. ఎయిర్‌పోర్టు దగ్గర, ఆఫీసు దూరం. తెల్లవారుజాము ఫ్లైటుకి పరిగెత్తేవాళ్ళూ, నైట్ షిఫ్టు ముగించుకుని క్యాబు దిగేవాళ్ళూ మా వైపు మామూలే. వీళ్ళలో లెన్సులు పెట్టుకునేవాళ్ళ గురించి నా అభిప్రాయం ఒకటుంది. మనవాళ్ళు కంటి ఇన్ఫెక్షన్లు తెచ్చుకునేది తెలియక కాదు. డబ్బా మీది సూచనలన్నీ ఇంట్లో అద్దం ముందు తీరిగ్గా నిలబడేవాళ్ళ కోసం రాసినవి. మన బతుకేమో సగం రోడ్డు మీద!

లెన్సులతో పడుకోకూడదని తెలియనిదెవరికి చెప్పండి? కానీ క్యాబు ఔటర్ ఎక్కాక నిద్ర ఆగుతుందా? కార్నియాకి రక్తనాళాలుండవు, ఆక్సిజన్ గాలి నుంచే అందాలి. రెప్ప మూస్తే అది తగ్గుతుంది, మధ్యలో లెన్సుంటే ఇంకా తగ్గుతుంది. అలా నిద్రపోతే కార్నియా ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం 6 నుంచి 8 రెట్లు ఎక్కువని అమెరికా సీడీసీ లెక్క. కాబట్టి "క్యాబులో నిద్రపోకండి" అనడం దండగ. సిస్టం లాక్ చేసే ముందే చేతులు సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకుని లెన్సులు తీసెయ్యండి, కళ్ళజోడుతో క్యాబెక్కండి. కళ్ళజోడుంటే పెళ్ళిచూపుల్లో ఏమంటారో అని లెన్సులకి మారినవాళ్ళ గోల ఇంకో టపాకి సరిపోతుంది :-)

ఇంక ప్రయాణాలు. అంతర్జాతీయ ఫ్లైటుల్లో చేతిసంచీలో 100 మి.లీ. దాటిన సీసా ఒప్పుకోరు కదా, అందుకని పెద్ద సీసాలోది ఏ ఖాళీ షాంపూ సీసాలోకో వంపుకుంటారు. అక్కడితో దాని శుభ్రత పోయినట్టే. చిన్న సీసా విడిగా కొనుక్కోవడమే మేలు. అది కూడా మరిచిపోతే హోటల్లో కుళాయి నీళ్ళే దిక్కవుతాయి, అసలు ప్రమాదం అక్కడుంది. మన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధనల్లో తేలిందేంటంటే, మన దగ్గర అకాంతమీబా ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అసలు లెన్సులే పెట్టుకోరు. అంటే ఆ జీవి మన నీళ్ళలో, మట్టిలో ఎలాగూ ఉంది. దానికి తలుపు తీసిపెట్టడం ఎందుకు? బోరు నీళ్ళైనా, మినరల్ వాటరైనా ఒకటే.

కేసులో పాత సొల్యూషన్ పారబోయకుండా పైన కొత్తది పోసే అలవాటు చూడండి. 2006లో బాష్ అండ్ లాంబ్ వాళ్ళు రెన్యూ మాయిశ్చర్‌లాక్‌ని ఫ్యుజేరియం అనే బూజు ఇన్ఫెక్షన్ల వల్ల ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. ఆ సొల్యూషన్ వాడినవాళ్ళలోనూ ఇలా పాతదాన్నే మళ్ళీ వాడినవాళ్ళకి ముప్పు ఎక్కువగా కనిపించింది. మన భాషలో చెప్పాలంటే, యూజర్ మాన్యువల్ చదువుతాడని నమ్మి రిలీజ్ చేసిన ప్రోడక్టు అది. తప్పు యూజరు మీదికి నెట్టేస్తే మన క్లయింటు ఊరుకుంటాడా?

అందుకే నా ఓటు, కనీసం ప్రయాణాలకైనా, ఏ రోజుకారోజు పారేసే డైలీ లెన్సులకి. ఖరీదెక్కువే, కాదనను. కానీ కేసు లేదు, కడగడం లేదు, మరిచిపోవడానికి ఏమీ లేదు. లెన్సులమ్మే షాపువాళ్ళు కూడా పవరెంతో అడిగినట్టే "మీ షిఫ్టు ఎన్నింటికి?" అని అడిగితే బావుండును.

కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే వెంటనే లెన్సు తీసెయ్యండి. మెడికల్ షాపతను ఇచ్చే చుక్కలు వెయ్యొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే కొన్ని ఇన్ఫెక్షన్లు ఇంకా ముదురుతాయి, కార్నియా మీద మచ్చపడి చూపు పోవచ్చు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తీసిన లెన్సునీ, కేసునీ పారెయ్యకుండా పట్టుకెళ్ళండి, ఏ క్రిమో ల్యాబులో పట్టుకోవడానికి అవి పనికొస్తాయి.