పాత బోర్డు ఏం పాపం చేసింది?

"అన్నా, ఇంకా ఆ డొక్కు ప్రాసెసరేనా?" అన్నాడు మా గుంటూరు తమ్ముడు. 2024 డిసెంబరు. మ్యూనిక్‌లో బయట మంచు, మా ఇంట్లో వేడి వేడి ఉప్మా. నేను ఫ్లైట్ సిమ్యులేటర్‌లో శంషాబాద్‌లో విమానం దింపుతున్నాను. రన్‌వే కనబడగానే బొమ్మ నత్తనడక మొదలెట్టింది. అనుకున్నప్పుడల్లా ఊరెళ్ళలేని వాడికి అదే కాస్త ఊరట, దానికీ ఈ కుదుపులా?

తమ్ముడి దగ్గర మందు సిద్ధంగా ఉంది: కొత్త 9800ఎక్స్3డీ కొనెయ్. మంచి చిప్పే, కాదనను. కానీ దానిది ఏఎం5 సాకెట్. అంటే బోర్డు మార్చాలి, డీడీఆర్5 మెమరీ కొనాలి. కూడి చూస్తే తొమ్మిదొందల యూరోల దాకా తేలింది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. క్లయింటు "స్లోగా ఉంది" అంటే "ఎక్కడ?" అని అడిగి, కొలిచి గానీ కోడు ముట్టుకోం కదా. సొంత డబ్బు దగ్గరికొచ్చేసరికి బెంచ్‌మార్కు పట్టిక చూసి కార్డు గీకేస్తాం. ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలని ఆ పట్టికల కోసం అత్యంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి, 1080 రిజల్యూషన్‌లో పరీక్షిస్తారు. చిప్పుని కొలవడానికి అది సరైన పద్ధతే. మీ ఇంట్లో కార్డు వేరు, తెర వేరు.

నేనూ కొలిచాను. గ్రాఫిక్స్ కార్డు 60 శాతం దగ్గరే ఖాళీగా కూర్చుంది. అదే 98 చూపిస్తే ప్రాసెసర్ మార్చడం శుద్ధ దండగ. నా రైజెన్ 5 2600లో ఎల్3 క్యాష్ 16 ఎంబీ. అదే ఏఎం4 సాకెట్‌లో కూర్చునే 5700ఎక్స్3డీలో 96. నా బీ450 బోర్డుకి బయాస్ అప్‌డేట్ చేసి, చిప్పూ కూలరూ మార్చాను. ఖర్చు మూడొందల లోపు. మిగతావన్నీ పాతవే. విమానం హాయిగా దిగింది.

ఈ అవకాశం కంపెనీ దయ అనుకోకండి. 2020 మేలో ఏఎండీ, రాబోయే ప్రాసెసర్లు బీ450లో పనిచేయవని చెప్పింది. కొన్నవాళ్ళు గోల పెడితే రెండు వారాల్లో మాట మార్చుకుంది. ఇంటెల్ అయితే 2017లో 8వ తరం తెచ్చినప్పుడు, సాకెట్‌కి అవే 1151 పిన్నులున్నా, పాత బోర్డుల్ని పక్కన పెట్టించింది. "కొత్తదే కొనాలి" అన్నది చాలాసార్లు సాంకేతిక అవసరం కాదండీ, వ్యాపార నిర్ణయం. నోరు మూసుకుని కొనేవాళ్ళుంటే అది మారదు.

మొదటిసారి మెషీన్ కట్టుకునేవాళ్ళు, పోటీ ఆటల్లో ప్రతి ఫ్రేమూ లెక్కపెట్టేవాళ్ళు కొత్తదే తీసుకోండి, నాకేం పేచీ లేదు. మిగిలినవాళ్ళు ముందు కొలవండి, తర్వాత మీ బోర్డు ఇంకా ఏ చిప్పుని ఒప్పుకుంటుందో తయారీదారు జాబితాలో చూడండి.

అన్నట్టు, ఆ "డొక్కు" 2600 సంక్రాంతికి నాతో విజయవాడ వెళ్ళింది. మా మేనల్లుడు ఒక పాత ఏఎం4 బోర్డు సంపాదించి అందులో పెట్టుకున్నాడు. విండోస్ 11 కూడా నడుస్తోంది. వాడు మాత్రం దాన్ని డొక్కు అనలేదు.