చెక్క మీది పేరు

మసాచుసెట్స్‌లోని రెంథమ్ అనే ఊళ్లో 1753లో ఫ్రాన్సిస్ నికల్సన్ చనిపోయాడు. పేరు తెలిసినంతవరకు అమెరికాలో వడ్రంగి చిత్రికలు చేసినవాళ్లలో అతనే అందరికన్నా పాతవాడు. అతని వీలునామాలో సీజర్ చెలర్ అనే బానిస ప్రస్తావన ఉంది. నికల్సన్ అతన్ని విడుదల చేశాడు. మంచం, పక్కబట్టలు, పనిబల్ల, ఉలులు, పది ఎకరాల నేల అతనికి రాసిచ్చాడు. ఆ తర్వాత 1784లో కన్నుమూసేదాకా సీజర్ స్వతంత్రంగా చిత్రికలు చేసి అమ్ముకున్నాడు. తలుపు చట్రాలకూ కప్పు అంచులకూ వంపుగీతలు తీసే చిత్రికలవి. వాటి ముందు కొసన తన పేరు, దాని కింద రెంథమ్‌లో ఉంటున్నానన్న మాట అచ్చు కొట్టాడు. నికల్సన్ ముద్రతో మిగిలిన చిత్రికల్లో ఎన్ని సీజర్ చేతి పనో ఆ చెక్కని చూసి ఎవరూ చెప్పలేరు. విడుదలయ్యాక చేసినవి మాత్రం నావేనని ఆయనే రాసిపెట్టాడు.

ఇలాంటి వస్తువులు కొని ఇంట్లో పెట్టుకునేవాళ్లలో మేమూ ఉన్నాం. మేమంటే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు స్థిరపడిన తెలుగువాళ్లం కొందరం. సెలవు రోజు పొద్దున్నే డెలావేర్ నది పక్కన ల్యాంబర్ట్‌విల్ దగ్గరి పాతసామాన్ల సంతకు వెళ్తాం. రంపాలు, బాడిసలు, పీపాలు కట్టేవాళ్ల వంపు కత్తులు, బూట్లు కుట్టేవాళ్ల చెక్క పాదాలు, ఒకప్పుడు మందుల దుకాణం ముందు వేలాడిన చెక్క కల్వం, బేరమాడి తెచ్చుకుని హాల్లో గోడకు తగిలిస్తాం. ఇంటికొచ్చినవాళ్లకు రెండువందల ఏళ్ల నాటిదని గర్వంగా చూపిస్తాం. పాత పనిని గౌరవిస్తున్నామనే ఇన్నేళ్లూ అనుకున్నాం. నిజానికి ఆ పని చేసిన మనుషుల ఆనవాళ్లు చెరిగిపోవడంలో మా చెయ్యి కూడా ఉంది. ఇది ఒకరిద్దరి అజాగ్రత్త కాదు, మేమంతా కలిసి చేసింది. కాబట్టి మేమనే రాస్తున్నాను.

పాత చిత్రికని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూస్తే చాలాసార్లు ఒకటికి మించి పేర్లు కనిపిస్తాయి. పెద్ద అక్షరాలది చేసినవాడి ముద్ర. దాని చుట్టూ, మడమ వైపూ చిన్న అక్షరాల్లో దాన్ని కొని వాడుకున్న వడ్రంగుల పేర్లు. ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు నలుగురు. పనివాడు చనిపోతేనో పని మానేస్తేనో ఆ చిత్రిక ఇంకో పనివాడి చేతికి వెళ్లేది, అతను తన పేరు కొట్టుకునేవాడు. ఇల్లు కట్టినవాళ్ల పేర్లు ఇళ్ల మీద మిగల్లేదు, ఇదిగో, ఇక్కడ మిగిలాయి. మేం వాటిని ఏం చేశాం? గరుకుకాగితంతో రుద్దాం. మురికనుకున్నాం. చెమటా నూనే పట్టి చెయ్యి ఆనే చోట నల్లబడిన చెక్కని తెల్లగా వచ్చేదాకా గీకాం. మీద మెరుగునూనె రాశాం. తుప్పు వదిలించే తీగ చక్రం కింద పెట్టాం. పేరున్న తయారీదారు ముద్ర అయితే ధర పెరుగుతుంది గనక దాన్ని కాపాడాం, వాడుకున్నవాడి పేరుకు ధర లేదు గనక అది పోయినా పట్టించుకోలేదు.

పెట్టెల సంగతి ఇంకా ఘోరం. వడ్రంగి పనిముట్ల పెట్టె ఒక మనిషి జీవితమంతా చేసిన పనికి లెక్క లాంటిది. ఏ ఉలి ఎంత అరిగిందో, ఏ రంపానికి పిడి తనే చేసుకున్నాడో, ఏది మాత్రం ఖరీదుపెట్టి కొన్నాడో, ఏ అరలో ఏది చేతికి దగ్గరగా ఉండేదో అందులో తెలుస్తుంది. విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది గనక వేలంలో పెట్టెని విప్పేస్తారు. విప్పింది మేం కాకపోవచ్చు. విడిగా కావాలని అడిగింది మేమే. అరుదైన చిత్రిక ఒకరు, ఇత్తడి బిగించిన బరమా ఇంకొకరు, ఖాళీ పెట్టె సోఫా ముందు బల్లగా వేసుకోవడానికి మరొకరు.

ఇలా కాకుండా జరగడానికి వీలుందని మాకు తెలుసు. లాంగ్ ఐలాండ్‌లోని ఈస్ట్ హాంప్టన్‌లో డొమినీ కుటుంబం మూడు తరాలు గడియారాలు, కుర్చీలు, బల్లలు చేసింది. 1946లో వాళ్ల ఇల్లు కూలగొట్టేశారు. పనిముట్లు, మూసపలకలు, ఖాతా పుస్తకాలు చెదరకుండా ఒకచోటే ఉండటంతో డెలావేర్‌లోని వింటర్‌థుర్ మ్యూజియంలో వాళ్ల పనిశాలల్ని మళ్లీ నిలబెట్టగలిగారు. ఫలానా కుర్చీకి ఫలానా మూస అని, ఫలానావాళ్లు డబ్బుకు బదులు ఏమిచ్చారని ఇప్పుడు చెప్పగలుగుతున్నారు. 1968లో చార్లెస్ హమ్మెల్ దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు.

పెన్సిల్వేనియాలోని డోయిల్స్‌టౌన్‌లో హెన్రీ మెర్సర్ కట్టిన మ్యూజియం మాకు చాలా దగ్గర. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తప్పకుండా చూపిస్తాం. లా చదివి పురావస్తు పరిశోధనలోకి వెళ్లిన మెర్సర్ 1897లో పొయ్యి పట్టకారు వెతుక్కుంటూ ఒక పాతసామాన్ల కొట్టుకు వెళ్లాడు. అక్కడ కుప్ప పోసిన పనిముట్లు చూసి, ఈ దేశం చరిత్ర వీటిలో ఉందని ఆయనకు తట్టింది. యంత్రాలు వచ్చి వాటిని చెత్తకుప్పలోకి తోసేస్తున్న కాలమది. దాదాపు 30,000 వస్తువులు పోగేశాడు. అరవైకి పైగా వృత్తులవి. 1916 నాటికి పూర్తయిన ఆ ఎత్తైన కాంక్రీటు భవనంలో పడవ, గుర్రబ్బండి కూడా కప్పుకు వేలాడుతుంటాయి. మెర్సర్ వాటిని పోగేసి ఊరుకోలేదు. వాడినవాళ్లు బతికుండగానే ఏది దేనికో, ఎలా పట్టుకోవాలో తెలుసుకుని రాసుకున్నాడు. 1929లో వచ్చిన పాత వడ్రంగుల పనిముట్ల పుస్తకం ఆ శ్రమ ఫలితమే. ఆయన అడిగిన ప్రశ్నలు మేం అడగలేదు. సంతలో వస్తువు తెచ్చిన ముసలాయన ఇది మా తాతదని చెప్పబోతే, రేటు తగ్గించమనే మాటతో అడ్డుపడ్డాం. పాత పనిముట్ల అభిమానులు కలిసినప్పుడు ఎవరికీ అంతుపట్టని ఒక వస్తువుని పైకెత్తి చూపి ఇదేమిటో చెప్పమనే ఆట ఒకటుంది. మేమూ సరదాగా ఆడాం. ఒక వృత్తి పూర్తిగా మాసిపోతేనే ఆ ఆట సాగుతుందన్న సంగతి మా మనసుకు తట్టలేదు.

దుకాణం గుర్తుల దగ్గర మా నిర్లక్ష్యం ఇంకా లోతుగా ఉంది. చదవడం రానివాళ్లు ఎక్కువ, ఇళ్లకు నంబర్లు లేవు. కాబట్టి తాళాలవాడి ముందు పెద్ద తాళంచెవి, కళ్లద్దాలవాడి ముందు పెద్ద కళ్లద్దాలు, బూట్లవాడి ముందు నిలువెత్తు బూటు వేలాడేవి. పూటకూళ్ల ఇళ్ల ముందు బొమ్మపలకలు ఊగేవి. అవి వేసినవాళ్లు కూడా కూలివాళ్లే. శాంతి రాజ్యం అనే బొమ్మను అరవైసార్లకు అటూఇటూగా మళ్లీ మళ్లీ వేసిన ఎడ్వర్డ్ హిక్స్ డోయిల్స్‌టౌన్ ఉన్న బక్స్ కౌంటీ మనిషే. బండ్లకూ పలకలకూ రంగులేస్తూ పొట్ట పోసుకున్నాడు. చిరుతపులి, మేకపిల్ల పక్కపక్కనే పడుకున్న ఆ బొమ్మ కాపీ మాలో చాలామంది ఇళ్లలో ఉంది. ఆయన కూలికి వేసిన పలకలు ఏమయ్యాయని ఎవరం అడగలేదు. పాత పలకలు పొరలు పొరలుగా ఉంటాయి. యజమాని మారితే, కాలం మారితే మీద రంగు పడేది. కథలో రిప్ వాన్ వింకిల్ నిద్ర లేచి వచ్చేసరికి పూటకూళ్ల ఇంటి పలక మీది రాజు జార్జి బొమ్మ కోటు రంగు మార్చుకుని జనరల్ వాషింగ్టన్ అయిన ఘట్టం మా తరంలో చాలామంది ఇంగ్లీషు పాఠంలో చదివారు. కథ గుర్తుంది. చూసిన పలక మీద మాత్రం కింది పొరలో ఎవరున్నారని అడగాలనిపించలేదు.

పొగాకు దుకాణం ముందు నిలబెట్టిన చెక్క ఆదివాసీ బొమ్మ మా వాళ్లలో ఎక్కువమందికి ఇష్టమైన వస్తువు. తెరచాప ఓడలు తగ్గిపోయి ఓడ ముందు బొమ్మలు చెక్కే పని పోయినప్పుడు న్యూయార్క్ శిల్పులు ఈ పనికి మళ్లారు. శామ్యూల్ రాబ్ వాళ్లలో పేరున్నవాడు. చెక్కడంలో గొప్ప నేర్పుంది, అది కాదనను. కానీ ఆ బొమ్మకు ఏ తెగా లేదు. ఈకల కిరీటం, ఈకల లంగా, చేతిలో పొగాకు కట్ట. రాబ్ పనిశాల నడిచిన కాలంలోనే, 1890లో, దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా తెగ ఆడవాళ్లనూ పిల్లలనూ కాల్చి చంపింది. మనుషుల్ని నేల మీంచి తరిమేస్తూ, వాళ్ల బొమ్మని దుకాణం గుమ్మంలో నిలబెట్టి సరుకు అమ్మారు. పెద్ద సేకర్తల్లో ఒకరైన ఎలెక్ట్రా హ్యావ్‌మెయర్ వెబ్ ఇరవై ఏళ్లు నిండకముందే అలాంటి బొమ్మ కొన్నదని, తర్వాత వెర్మాంట్‌లో షెల్బర్న్ మ్యూజియం పెట్టిందని మేం మెచ్చుకుంటూ చెప్పుకున్నాం. మా తెలుగు ఇళ్లలో ఆ బొమ్మల నకళ్లు పెట్టుకున్నాం. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆ ఫోటోలు తీసినవాళ్లం మేమే.

అన్నిటికన్నా చెప్పడం కష్టమైనది చార్ల్‌స్టన్ రాగి బిళ్ల. దక్షిణ కరోలినాలోని ఆ ఊళ్లో బానిసను యజమాని ఇతరులకు కూలికి పంపాలంటే ఏటా నగరానికి రుసుం కట్టి బిళ్ల కొనాలి. 1800 నుంచి 1865 దాకా ఆ పద్ధతి సాగింది. చిన్న రాగి పలక, మీద ఊరి పేరు, సంవత్సరం, నంబరు, పని. పనిమనిషి, కూలీ, చేపలు పట్టేవాడు, పళ్లు అమ్మేవాడు, చేతిపనివాడు. ఆ చివరి మాట కింద వడ్రంగులూ కమ్మరులూ తాపీపనివాళ్లూ అందరూ వచ్చేవారు. వాళ్ల కూలి చాలావరకు యజమానికి పోయేది. రెంథమ్‌లో ఒక మనిషి తన పేరు చెక్క మీద కొట్టుకున్నాడు. చార్ల్‌స్టన్‌లో మనిషి పేరు తీసేసి నంబరు కొట్టి ఒంటి మీద వేలాడదీశారు. తెల్లవాడి దుకాణం గుర్తు గోడ మీద ఉంటే వీళ్ల గుర్తు వీళ్ల ఒంటి మీదే ఉంది. ఈ బిళ్లల్ని నేలలోంచి తవ్వి తీసి వేల డాలర్లకు అమ్ముతున్నారు. అరుదైన పని పేరుంటే ధర ఇంకా ఎక్కువ. వేలం జాబితాల్లో వాటిని మేం వర్తకపు గుర్తులన్న శీర్షిక కింద, కళ్లద్దాల బొమ్మల పక్కన, చూసి పేజీ తిప్పేశాం.

అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లకన్నా ముందు ఆ బిళ్ల మాకు అర్థమై ఉండాలి. మనిషిని పేరుతో కాకుండా చేసే పనితో పిలిచిన ఊళ్ల నుంచి వచ్చాం. దసరాకు ఆయుధపూజ చేసి, సుత్తికీ బాడిసకూ బొట్టు పెట్టి, వాటిని పట్టినవాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టిన ఇళ్లు మావి. పనిముట్టుకు దండం పెట్టడం, పనివాడికి పీట వెయ్యకపోవడం, రెండూ మాకు పుట్టుకతో వచ్చిన అలవాట్లు. సముద్రం దాటి వచ్చి అవే ఇక్కడ కొనసాగించాం. గోడకు తగిలించిన రంపం ఆ పూజకు కొనసాగింపే.

ఎవరైనా అడిగితే, ఇది తెల్లవాళ్ల చరిత్ర, నల్లవాళ్ల బాధ, మధ్యలో మాకేం సంబంధం అని తప్పించుకున్నాం. ఆ మాట అనే అర్హత మాకు లేదు. 1965 వలస చట్టం రాకపోతే మాలో అత్యధికులం ఈ దేశంలో అడుగు పెట్టేవాళ్లం కాదు. పౌరహక్కుల కోసం నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి తెచ్చిన మార్పులో భాగంగా ఆ తలుపు తెరుచుకుంది. ఆ తలుపు తెరిచినవాళ్ల తాతముత్తాతల బిళ్లలు గాజు పెట్టెల్లో ఉంటే, మేం టికెట్ కొనుక్కుని చూసి పార్కింగ్ దగ్గర పులిహోర పొట్లాలు విప్పుకున్నాం.

ఒకప్పుడు తిమింగలాల వేటకు పేరుపడ్డ మసాచుసెట్స్ ఊరు న్యూ బెడ్‌ఫర్డ్‌కు కూడా వెళ్లాం. 1848లో అక్కడి కమ్మరి లూయిస్ టెంపుల్ తిమింగలాల వేటకు కొత్తరకం ఈటె చేశాడు. కండలోకి దిగాక దాని మొన పక్కకు తిరిగిపోతుంది, ఎంత లాగినా ఊడిరాదు. వర్జీనియాలో పుట్టి ఉత్తరానికి వచ్చిన నల్లజాతి మనిషి ఆయన. పేటెంటు తీసుకోలేదు. ఊళ్లో కమ్మరులంతా ఆ ఈటె చేసి అమ్ముకున్నారు, ఓడ యజమానులు బాగుపడ్డారు. 1854లో ఆయన అప్పులతో చనిపోయాడు. మాలో పేటెంట్లున్న ఇంజనీర్లు తక్కువేం కాదు, వాటి ఫలకాలు ఆఫీసు గదుల్లో గోడలకున్నాయి. అక్కడి మ్యూజియంలో పిల్లలకు తిమింగలం ఎముకలు చూపించాం. ఆ ఈటె ముందు ఒక్క నిమిషం ఆగి ఇది చేసినవాడి కథ చెప్పలేదు.

ఇప్పుడు మా తరం పెద్దదైపోతోంది. పెద్ద ఇళ్లు అమ్మి చిన్న ఇళ్లకు మారుతున్నాం. ఈ సామాన్లు పిల్లలకు అక్కర్లేదు. మళ్లీ అదే సంతకు, అదే వేలానికి పోతాయి. వాటితోపాటు పంపడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. ఏ ఊరి నుంచి వచ్చిందో, ఎవరి పెట్టెలోదో, మేం గీకేయకముందు దాని మీద ఎవరెవరి పేర్లున్నాయో, ఎక్కడా రాయలేదు. ఎంత పెట్టి కొన్నామన్నది మాత్రం అందరికీ గుర్తుంది.