మూగజీవి నొప్పికి మన వంటింటి మందు తగదు

పశువును నోరులేని జీవి అనడం మన వాడుక. ఆ మాటలోని కరుణను మరచి, చెప్పుకోలేని జీవికి బాధ కూడా అంతగా ఉండదని భావించేవారు నేటికీ ఉన్నారు. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, మాటలతో చెప్పలేనంత మాత్రాన మనిషికి గాని, ఇతర ప్రాణికి గాని నొప్పి లేదనరాదని స్పష్టం చేసింది. పశువుల మధ్య పెరిగిన మన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఆ బాధను తీర్చే విధానంలోనే మనం ఆలోచించుకోవలసినది ఉన్నది.

దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని ఆయుర్వేదం రోగిపరీక్షను మూడు విధాలుగా చెప్పింది. పశువైద్యునికి మూడవది లేదు. యజమానిని అడగగలడే గాని రోగిని అడగలేడు. అందువల్ల మొదటి రెండింటినీ ఆయన మరింత పదును పెట్టుకుంటాడు. ఆవు నెమరు తగ్గిందా, పళ్ళు నూరుతున్నదా, వీపు వంచి నిలుచున్నదా, ఏ కాలిపై బరువు మోపడం లేదు అని గమనిస్తాడు. పిల్లి చెవులు పక్కలకు వాల్చి, కళ్ళు సగం మూసి, మూతి బిగించి ఉంటే అది కునుకు కాక నొప్పి కావచ్చు. ఈ ముఖలక్షణాలకు అంకెలు వేసి నొప్పిని కొలిచే పద్ధతిని కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించారు.

నొప్పి పుట్టిన తరువాత తగ్గించడం కన్నా పుట్టకముందే అడ్డుకోవడం మేలన్నది నేటి పశువైద్య సూత్రం. దూడ కొమ్ము మొగ్గలను కాల్చే ముందు కొమ్ముకు పోయే నాడి వద్ద లిగ్నోకెయిన్ ఎక్కించి తిమ్మిరి కలిగిస్తారు. ఈనలేక బాధపడే ఆవుకు తోక మొదట వెన్నెముక సందులో అదే మందు ఇస్తారు. పొట్టలో పేరుకున్న ప్లాస్టిక్ సంచులను తీసే శస్త్రచికిత్స సైతం ఆవు నిలబడి ఉండగానే, పక్క భాగానికి తిమ్మిరి ఇచ్చి చేయగలుగుతున్నారు. శస్త్రకర్మకు ముందు రోగికి మద్యమిచ్చి వేదనను తగ్గించమన్న సుశ్రుతుని వారసులమైన మనకు ఈ దృష్టి పరాయిది కాదు.

నేను ముఖ్యంగా మనవి చేయదలచినది వేరొకటి ఉన్నది. గృహవైద్యంపై మక్కువ గల మనలో కొందరు తమకు పనిచేసిన మందును ఇంట్లోని పిల్లికీ కుక్కకూ కూడా ఇస్తున్నారు. మన పూర్వులు ఇట్లు చేయలేదు. ఏనుగుల కొరకు పాలకాప్యుని పేర, గుర్రాల కొరకు శాలిహోత్రుని పేర వేరు శాస్త్రాలు వెలిశాయి. జాతి మారితే వైద్యం మారుతుందన్నదే దీని అర్థం. పశువులకు మత్తు కలిగించే జైలజిన్ అనే మందు గుర్రానికి ఇచ్చే మోతాదులో సుమారు పదవ వంతు ఆవుకు సరిపోతుంది. మనం తలనొప్పికి మింగే పారాసిటమాల్ మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలదు. దానిని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి మిక్కిలి తక్కువ. మన వాతహరమైన వెల్లుల్లి, ఉల్లి కుక్కకూ పిల్లికీ రక్తకణాలను నాశనం చేస్తాయి. కీళ్ళకు మర్దించే వింటర్‌గ్రీన్ తైలాన్ని పిల్లి ఒంటికి పూస్తే అది నాకి విషం పాలవుతుంది. ప్రకృతి సిద్ధమైనది కాబట్టి హాని చేయదన్న వాదన ఇక్కడ నిలువదు.

కుంటుతున్న ఎద్దుకు ఇనుము కాల్చి వాతలు పెట్టే ఆచారం కొన్నిచోట్ల ఇంకా కానవస్తుంది. అది మన అగ్నికర్మయే కదా అని నన్ను అడిగినవారున్నారు. సుశ్రుతుడు అగ్నికర్మను ఎవరికి చేయవచ్చునో, ఎవరికి చేయరాదో, ఏ వ్యాధిలో ఏ స్థానంలో చేయవలెనో విధించాడు. గిట్టలో ముల్లు దిగిందా, ఎముక విరిగిందా అని చూడకుండానే తొడపై వాత వేయడం ఆ శాస్త్రం కాదు. పాత నొప్పికి కాలిన పుండు నొప్పి తోడవుతుంది. ఆ పుండులో పురుగులు పడతాయి.

మందుల దుకాణంలో దొరికిన నొప్పి ఇంజెక్షన్‌ను తోచినట్లు పొడిపించడం కూడా అంతే ప్రమాదకరం. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువు చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి మరణించాయి. 1992 నుండి 2007 నాటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించాయి. పశువులకు ఆ మందును 2006లోను, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లోను ప్రభుత్వం నిషేధించింది. మెలాక్సికామ్ రాబందులకు సురక్షితమని తేలింది. ఒక పశువు నొప్పికి ఎంచుకునే మందులో ఆకాశాన తిరిగే పక్షి క్షేమం కూడా ఇమిడి ఉన్నది.

కావున పాఠకులకు నా విన్నపం ఇది. పశువు మేత మానినా, కుంటినా, పిల్లి మూలన దాగినా ముందు పశువైద్యునికి చూపండి. పల్లెల్లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య సేవ లభిస్తుంది. వావిలాకు కాపడం వంటి బాహ్యోపచారాలను ఆయన చూచి అనుమతించిన తరువాతనే చేయండి. మన ఆయుర్వేదంపై నాకు గల గౌరవమే ఈ మాట చెప్పిస్తున్నది.