తుక్కులో దొరికిన వజ్రాలు

తొలకరి జల్లు పడితే చాలు... అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో సందడి మొదలవుతుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం వంచిన నడుం ఎత్తకుండా తడిసిన మట్టిలో వెతుకుతుంటారు. అందరికీ రాళ్లే కనిపిస్తాయి. వాటిలో రవ్వ ఏదో పోల్చుకునే కన్ను మాత్రం ఏ కొందరికో ఉంటుంది. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో సరిగ్గా అలాంటి కన్నే మన వైమానిక దళాన్ని ఆదుకుంది. ఆ వెతుకులాట సాగింది చేలల్లో కాదు, కాన్పూరులోని ఓ విమానాల శ్మశానంలో!

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తయారుచేసిన భారీ బాంబర్ బి-24 లిబరేటర్. నాలుగు ఇంజిన్లు, 110 అడుగుల రెక్కలు, పదిమంది దాకా సిబ్బంది. మొత్తం 18 వేలకు పైగా తయారయ్యాయి. అన్ని రకాల బాంబర్లలోనూ ఎక్కువ సంఖ్యలో తయారైంది ఇదే. ఫోర్డ్ కంపెనీ విల్లోరన్ ఫ్యాక్టరీలోనైతే ఒక దశలో గంటకో విమానం బయటికొచ్చేది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాక యుద్ధం మన గుమ్మంలోకే వచ్చింది. బర్మాలోని జపాన్ స్థావరాల మీద దాడులకు బ్రిటిష్ వాళ్లు లిబరేటర్లను భారీగా దించారు. వాటిని నడపడంలో శిక్షణ ఇచ్చింది ఎక్కడో కాదు... మన సరిహద్దుకు అవతల, తెలుగు మాటలు ఇంటింటా వినిపించే కోలారులోనే. 1944 నవంబరులో బ్రిటిష్ వైమానిక దళం 358వ స్క్వాడ్రన్ పుట్టిందీ అక్కడే.

యుద్ధం ముగిసింది. ఈ విమానాలు అమెరికా అరువు ఒప్పందం కింద వచ్చినవి. తిరిగి ఇవ్వాలి, లేదా ధ్వంసం చేయాలి. బ్రిటిష్ వాళ్లు రెండో దారే ఎంచుకున్నారు. కాన్పూరులో వరసగా నిలబెట్టి కొన్నిటిని బుల్‌డోజర్లతో గుద్దించారు. కొన్నిటి ఒళ్లంతా గునపాలతో పొడిచారు. మీటర్లు పగలగొట్టి, ఇంజిన్లలో ఇసుక పోశారు. ఇక ఎవరికీ పనికిరావనుకుని వెళ్లిపోయారు.

స్వతంత్ర భారతానికి బాంబర్లు కావాలి. కొనాలంటే డబ్బు లేదు. అప్పుడే ఆ తుక్కు మీద చూపు పడింది. విదేశీ నిపుణులు పెదవి విరిచారు. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ మాత్రం ‘చూద్దాం’ అంది. ఆ ధైర్యం ఊరికే రాలేదు. యుద్ధకాలంలో అమెరికా సైన్యం ఆ కర్మాగారాన్ని చేతిలోకి తీసుకుని తన విమానాలకు అక్కడే మరమ్మతులు చేయించింది. ఆ పని చేసిన చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి!

మెకానిక్‌లు కాన్పూరు వెళ్లారు. ఒకదాని భాగం ఇంకోదానికి అతికిస్తూ, ఒక్కసారి ఎగిరితే చాలన్నంత మరమ్మతు చేశారు. వాటిని బెంగళూరుకు చేర్చే బాధ్యత టెస్ట్ పైలట్ జిమ్మీ మున్షీది. ఒకటీ రెండూ కాదు, నలభైకి పైగా విమానాలు! దూరం దాదాపు 1,500 కిలోమీటర్లు. మ్యాపులో గీత గీస్తే హైదరాబాద్ దాటి, తాడిపత్రి పక్కనుంచి సాగే దారి. అతుకుల విమానం గాల్లో ఎక్కడ మొరాయిస్తుందో ఎవరికి తెలుసు? అయినా ఒక్కొక్కటీ చేరింది. బెంగళూరులో పూర్తిగా బాగుపడింది. 1948 నవంబరులో వాటితోనే అయిదో స్క్వాడ్రన్ ఏర్పడింది. తర్వాత సముద్రం మీద నిఘాకూ అవే పనికొచ్చాయి. పనికిరావన్న విమానాలు 1968 దాకా ఎగిరాయి. ప్రపంచంలో లిబరేటర్లను చివరిదాకా నడిపిన సైన్యం మనదే.

అసలు విశేషం అప్పుడు బయటపడింది. అమెరికాలో యుద్ధం కాగానే వేల బాంబర్లను కొలిమిలో కరిగించి అల్యూమినియం దిమ్మెలు చేశారు. బ్రిటన్ స్టిర్లింగ్ బాంబర్లు 2,300కు పైగా తయారైతే పూర్తి రూపంలో ఒక్కటీ మిగల్లేదు. ఆరువేల పైచిలుకు హాలిఫాక్స్‌లలో మిగిలినవి మూడే. లిబరేటర్ల కోసం మ్యూజియాలు ప్రపంచమంతా గాలించి చివరికి మన తలుపు తట్టాయి. కెనడా తన పాత లైసాండర్ విమానం ఇచ్చి మన లిబరేటర్‌ను తీసుకెళ్లింది. అమెరికాలోని పీమా మ్యూజియానికి ఒకటి వెళ్లింది. 1974లో బ్రిటన్‌కు మనం ఒకటి కానుకగా ఇచ్చాం. ఎవరు ఇసుక పోశారో వాళ్లకే!

ఇంకొకటి చేతులు మారి 1984లో అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్‌కు చేరింది. అయిదేళ్ల మరమ్మతు తర్వాత 1989లో మళ్లీ ఎగిరింది. ‘విచ్‌క్రాఫ్ట్’ పేరుతో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి జనాన్ని ఎక్కించుకుంది.

అయితే ఇలాంటి ముసలి విమానాలను ఎగరనివ్వాలా? నీడన భద్రంగా ఉంచాలా? 2019లో అదే సంస్థకు చెందిన బి-17 బాంబర్ కూలి ఏడుగురు చనిపోయారు. 2022లో డాలస్ విన్యాసాల్లో మరో బి-17ను ఇంకో విమానం ఢీకొని ఆరుగురు బలయ్యారు. ఇంజిన్ హోరు వినకపోతే అది ఉత్త రేకుల బొమ్మేనంటారు కొందరు. కూలితే మనుషులూ పోతారు, మళ్లీ చేయలేని విమానమూ పోతుందంటారు ఇంకొందరు. ఎనభై ఏళ్ల లోహం అలసిపోతుంది కాబట్టి రెండో మాటకే బలం పెరుగుతోంది.

మనకోసం ఉంచుకున్న లిబరేటర్ ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. సెలవుల్లో పిల్లల్ని ఢిల్లీ తీసుకెళ్తే కుతుబ్ మినార్‌తో పాటు దాన్నీ చూపించండి. అది ఎన్ని బాంబులు మోస్తుందో కాదు, దాని ఒంటిమీద అతుకులు ఎవరు వేశారో చెప్పండి.

దేన్నయినా తుక్కని పారేసే ముందు, దాన్ని బాగుచేసేవాణ్ని ఓ మాట అడగాలి మరి!