సరస్సు దగ్గర నాలుగు నెలల ఉద్యోగం

కెనడాలో ఎకాలజీ చదువుకున్న వాళ్ళకు మొదటి ఉద్యోగం చాలావరకు రీసెర్చ్ అసిస్టెంట్ పనే. మే నుంచి ఆగస్టు దాకా ఒప్పందం, ఆ తరువాత మళ్ళీ వెతుకులాట. మన ఇళ్ళలో ఈ సంగతి చెబితే "ఇంకో కోర్సు చేసి కంప్యూటర్స్‌లోకి రాకూడదూ?" అంటారు. నేనూ సాఫ్ట్‌వేర్ వాణ్ణే, ఆ సలహా ఎందుకిస్తారో తెలుసు. కానీ ఈ పని వల్ల దేశం ఏం పొందింది, చేసిన వాళ్ళకు ఏం ఇస్తోంది అని చూస్తే మాత్రం లెక్క కుదరడం లేదు.

ఒంటారియో వాయవ్య భాగంలో, కెనోరా ఊరికి అవతల అడవుల్లో ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియా ఉంది. 1968లో మొదలైంది. 58 చిన్న సరస్సులు. చాలావాటిని నంబర్లతోనే పిలుస్తారు. సరస్సుల్లో నాచు ఎందుకు పెరుగుతుందన్నది ఆ రోజుల్లో పెద్ద తగాదా. డిటర్జెంట్ కంపెనీలు కార్బన్ వైపు వేలు చూపించేవి. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీసింది. రెండు వైపులా కార్బన్, నైట్రజన్ వేశారు. ఒక వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ వైపే ఆకుపచ్చగా మారింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో చూశాక వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. కెనడా అప్పటికే, 1970లో, డిటర్జెంట్లలో ఫాస్ఫేట్‌కు పరిమితి పెట్టింది. ఆ నిర్ణయం సరైనదేనని ఈ ఫొటో చూపించింది.

నాకు ఇంతకన్నా ఆసక్తి కలిగించేది 227వ సరస్సు. 1969 నుంచి దానికి ఏటా ఎరువు వేస్తున్నారు. 1990లో నైట్రజన్ పూర్తిగా మానేసి భాస్వరం ఒక్కటే కొనసాగించారు. నాచు పోలేదు. రెండేళ్ళ ప్రాజెక్టుతో తేలే విషయం కాదిది. ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు పడవలో వెళ్ళి నలుపు తెలుపు పళ్ళేన్ని తాడుతో నీళ్ళలోకి దించి అది ఎంత లోతులో మాయమైందో రాసుకోవాలి, లోపలి నీటిని సీసాల్లో పట్టాలి, దోమలూ నల్ల ఈగలూ కుడుతుంటే ల్యాబ్‌కు మోసుకొచ్చి వడకట్టాలి. చలికాలంలో మంచుకు రంధ్రం చేయాలి. మా పనిలో టెస్ట్ ఫెయిలైతే మళ్ళీ రన్ చేస్తాం. 1975 జూన్‌లో కొలవని నీటిని ఇప్పుడు కొలవలేం కదా!

అలాంటి చోటును 2012లో ఫెడరల్ ప్రభుత్వం మూసేస్తామంది. మిగిలేది ఏడాదికి సుమారు 20 లక్షల డాలర్లు. అప్పుడు పోరాటానికి ముందు నిలిచిన డయాన్ ఒరిహెల్ ఇంకా పీహెచ్‌డీ విద్యార్థినే. చదువు పక్కన పెట్టి మరీ తిరిగారు. చివరికి ఒంటారియో, మానిటోబా ప్రభుత్వాల సాయంతో 2014 ఏప్రిల్‌లో విన్నిపెగ్‌లోని ఐఐఎస్‌డీ సంస్థ దాన్ని చేపట్టింది. ఇప్పటికీ నడుస్తోంది.

ఇక ఇమిగ్రేషన్ సంగతి. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో పీఆర్‌కు మూడేళ్ళలో 1,560 గంటల నైపుణ్యమున్న పని చూపాలి. వారానికి 30 గంటలకు మించి చేసినా లెక్కలోకి రాదు; ఫుల్‌టైమ్ చదువుతూ చేసిందీ రాదు. వేసవిలో 17 వారాల ఒప్పందమంటే 510 గంటలు. మూడు వేసవులు చేస్తే 1,530. ముప్పై గంటలు తక్కువ! సరస్సు మీద వారానికి యాభై గంటలు చేసినా అంతే. మధ్యలో దుకాణంలో చేసిన పని దీనికి పనికిరాదు. చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్ ఎంత ఎక్కువైనా మూడేళ్ళే. ప్రావిన్సుల దారులు వేరే ఉన్నాయి, నిజమే, కానీ వాటిలో చాలావరకు శాశ్వత ఉద్యోగం ఉన్నవాళ్ళకే అనుకూలం.

అందుకే ఇష్టం ఉన్నవాళ్ళు కూడా రెండో వేసవి తరువాత మా వైపు వచ్చేస్తుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. చలికాలపు నమూనాలు, ల్యాబ్ పని, డేటా సర్దడం కలిపితే ఒక మనిషికి ఏడాది పొడవునా పని ఉంటుంది. గ్రాంటు రాసే ప్రొఫెసర్లు అలా కలిపి అడగవచ్చు. మన సంఘాలు పీఆర్ జాప్యాల మీద ఒట్టావాకు వినతిపత్రాలు పంపేటప్పుడు ఈ 30 గంటల నిబంధనను కూడా ఒక పేరాలో చేర్చవచ్చు.